తెల్లమూత డబ్బా

"రాయను. రాయనంటే రాయను."

వినీత నోటుబుక్కు ఒళ్ళోకి లాక్కుని, దానిమీద రెండు చేతులూ బోర్లించి కూర్చుంది. కుందన్ గుమ్మానికి అడ్డంగా నిలబడ్డాడు. వాకిట్లో అతని తల్లి ఖిమూలీ దేవి భంగ్ గింజలు చెరుగుతోంది. చేట చప్పుడు ఒక్కక్షణం ఆగి, మళ్ళీ మొదలైంది.

"ఒక్క ముక్క అడుగుతున్నాను. ఎడమ చేతికంటే కుడి చెయ్యి బాగా నయమైందని రాస్తే ఎవరి కొంప మునుగుతుంది?"

"మనదే మునుగుతుంది. మీ అమ్మతో కలిపి ఐదుగురు ఆడవాళ్ళు, ముప్ఫై రోజులు. పొద్దున్నే ఇంటింటికీ తిరిగి చేతులు చూసొచ్చాను. అందరికీ రెండు చేతులూ ఒకేలా తగ్గాయి. లేని తేడా ఎక్కణ్ణించి తెమ్మంటారు?"

"మేడమ్ అల్మోడాలో బయల్దేరి గంటయింది. వచ్చి ఆ పుస్తకం అడుగుతుంది. రెండూ ఒకటేనని చూపిస్తావా?"

"ఉన్నదే చూపిస్తాను."

"చూపించు! చూపించి, ఆ నాలుగు మెట్ల చేల పంటా నువ్వే నెత్తిన పెట్టుకుని ఊరేగు!"

పంట మాట ఎత్తేసరికి వినీతకు అరికాలి మంట నెత్తికెక్కింది. కోపం వస్తే ఆమెకు 'మీరు' పోయి 'నువ్వు' వస్తుంది.

"నాటమని నేను చెప్పానా? పరీక్ష అయ్యేదాకా ఆగమని కాళ్ళావేళ్ళా పడ్డాను. ఆలూ లేదు చూలూ లేదు, కొడుకు పేరు సోమలింగం అన్నట్టు, వానలు పడకముందే నాలుగు మెట్లూ కొత్త విత్తనంతో నింపేశావు. ఇప్పుడు నీ తొందరకి నా చేత అబద్ధం రాయిస్తావా?"

కుందన్ గుమ్మం వదిలేసి, గోడకి చారగిలబడి, చేల వంక చూస్తూ నిలబడ్డాడు. లైసెన్సు నంబరు రాసిన రేకు పలక కింద, నడుమెత్తు మొక్కలు కోతకొచ్చి గాలికి ఊగుతున్నాయి.

అతని బాధా అబద్ధం కాదు. వినీత చేసిన రెండు క్రీముల్లో, ఆకుపచ్చ మూత డబ్బాలో ఉన్నది సీబీడీ, తెల్లమూత డబ్బాలో ఉన్నది సీబీజీ. రెండూ గంజాయి జాతి భంగ్ మొక్కలోంచి తీసినవే, రెండూ మత్తెక్కించవు. సీబీడీ పేరు ఇప్పుడు అందరి నోటా ఉంది. ఎర్రబడ్డ చర్మాన్ని చల్లబరుస్తుందంటారు. మైదానంలో ఫ్యాక్టరీలు దాన్ని బస్తాలకొద్దీ తీస్తున్నాయి. సీబీజీ అలా కాదు, మామూలు మొక్కలో అది పిసరంత ఉంటే గొప్ప, కుందన్ నాటిన కొత్త విత్తనంలోనే ఎక్కువ. బీటలు వారిన చర్మానికి అదే మేలని కొత్తగా కొందరు అంటున్నారు. మేలో కాదో తేల్చడానికే వినీత ఎడమ చేతికి ఒకటీ కుడి చేతికి ఒకటీ ఇచ్చి ఈ పరీక్ష పెట్టింది. తెల్లమూత నెగ్గితే ఢిల్లీ గుర్లీన్ మేడమ్ ఈ కొండ పంటంతా కొంటుంది. ఆకుపచ్చదే చాలనుకుంటే ఆవిడకి ఇంత దూరం ఎక్కి రావలసిన కర్మ లేదు.

అంటే రెండూ ఒకటే అని తేలడం ఓడిపోవడంతో సమానం. ఆ సంగతి వినీతకీ తెలుసు. తెలిసే మొండికేసింది.

"అయిందా మీ ఆలూమగల పంచాయితీ?" వాకిట్లోంచి తోడికోడలు హంసీ కేకేసింది. వీపుమీద గడ్డిమోపు, నడుంలో కొడవలి. ఆమె మొగుడు సైన్యంలో ఉన్నాడు, లద్దాఖ్‌లో. ఇంటి పొలం పనంతా ఆమెదే, నోరూ ఆమెదే. "అంట్లు అక్కడే పడున్నాయి. వచ్చే మహాతల్లికి రాగి రొట్టెలు మసి గిన్నెలో పెడతారా?"

వినీత నోటుబుక్కు బియ్యం డబ్బాలో దాచి బయటికొచ్చింది. రాతిపలక మీద గిన్నెలు వేసుకుని, బూడిద తీసుకుని, తోమడం మొదలుపెట్టింది. బూడిద తగలగానే వేళ్ళ సందులు భగ్గుమన్నాయి. పళ్ళు బిగబట్టి తోమింది.

"ముప్ఫై రోజులు నిన్నటితో అయిపోలేదూ? ఇంకా నువ్వే తోముతున్నావేం?" అంది హంసీ మోపు దించుతూ.

"మేడమ్ వచ్చి చేతులు చూసేదాకా అత్తగారు బూడిదా పేడా ముట్టకూడదు దీదీ. నేను పెట్టిన నియమమే కదా."

"నియమం పెట్టినావిడే అంట్ల దగ్గర కూచోవడం నీ దగ్గరే చూశాను. మిగతా నలుగురిళ్ళల్లోనూ ఇదే గోల. బిష్ట్ వాళ్ళ కోడలు నిన్ను నోరారా దీవిస్తోందిలే, అత్తగారి పేడతట్ట కూడా తనే మోస్తోందని."

వినీతకి నవ్వు రాలేదు. అత్తగారి వైపు తిరిగింది. పెళ్ళయిన కొత్తలో హల్ద్వానీలో ఉన్నప్పుడు 'అమ్మగారూ' అనేది. మొన్న హోలీకి ఊరొచ్చి స్థిరపడ్డాక అందరిలాగే 'ఇజా' అంటోంది. ఇక్కడ అమ్మని అలాగే, కోడల్ని 'బ్వారీ' అని పిలుస్తారు.

"ఇజా, ఒక్కసారి నిజం చెప్పండి. రోజూ రెండు డబ్బాలూ రాసుకున్నారా? ఎడమకి ఆకుపచ్చది, కుడికి తెల్లది?"

ఖిమూలీ దేవి గింజల్లోంచి రాయి ఏరి పారేసింది. "చేతులు బాగానే ఉన్నాయిగా బ్వారీ."

"బాగున్నాయి, సంతోషం. నేనడిగేది అది కాదు. రాసుకున్నారా, లేదా?"

"నువ్వు కష్టపడి చేశావు. మంచి క్రీమే."

హంసీ దగ్గింది. అదేం పనీ లేని దగ్గు.

వినీత బూడిద చేతులు గాల్లోకి ఎత్తి ఉస్సురంది. ఈ కొండమనుషులతో ఇదే చావు. కాదని చెప్పరు. ఇష్టం లేకపోయినా 'బావుంది' అంటారు, వినకపోయినా 'అలాగే' అంటారు. కోడలు నొచ్చుకుంటుందని మాట మింగుతారు. ఆ మింగిన మాట ఎక్కడ పడి ఉందో వెతుక్కోలేక కోడలు చస్తుంది.

"మీ ఇంట్లో మాట రాబట్టడం కంటే ఆ రాళ్ళలో నూనె పిండటం తేలిక," అంది గట్టిగానే.

ఖిమూలీ దేవి చేట పక్కన పెట్టి, వేయించిన గింజలు రోట్లో వేసి పచ్చడి నూరడానికి కూర్చుంది.

*

గుర్లీన్ రోడ్డు దగ్గర జీపు దిగి, అరమైలు నడిచి, ఆయాసపడుతూ వచ్చింది. నలభై ఏళ్ళుంటాయి, మాటలో దర్పం లేదు. చాప మీదే కూర్చుంది. పచ్చడి వేలితో నాకి చూసి, "ఇది సీసాలో పెట్టి అమ్మినా కొంటారు," అంది. కుందన్ మొహం విప్పారింది.

"ముందు చేతులు చూపించండి అమ్మా," అంది ఖిమూలీ దేవితో. ముందున్న పొట్టి బల్లమీద నెల కిందటి ఫోటోలు పరిచింది. అప్పుడా చేతులు చూడలేకపోయేవారు. మెటికల మీద చర్మం లేచి, అరచేతుల్లో చీలికలు పడి, రాత్రిళ్ళు దురదకి గోక్కుంటే దుప్పటికి రక్తం అంటుకునేది. ఇప్పుడు ముడతలున్నాయి గాని పుండు లేదు.

"వాహ్!" అంది గుర్లీన్. "ఏ చెయ్యి ముందు తగ్గింది?"

"కుడి చెయ్యి," అన్నాడు కుందన్.

"ఆవిణ్ణి చెప్పనివ్వండి."

ఖిమూలీ దేవి కొడుకుని చూసింది, కోడల్ని చూసింది. రెండు చేతులూ ఒళ్ళో పెట్టుకుని, కుడి చెయ్యి ఎడమ చేతి కింద దాచుకుంది.

"ఈ చేతికి రాయలేదమ్మా."

వినీత చేతిలో టీ గ్లాసు ఒలికింది. "ఏంటీ?"

"రాయలేదు. ఒక్కరోజు కూడా రాయలేదు."

లోపలికి వెళ్ళి, దేవుడి గూటి వెనకనించి తెల్లమూత డబ్బా తెచ్చి బల్లమీద పెట్టింది. వినీత మూత తీసింది. క్రీము నింపిన రోజు తను చెంచాతో తిప్పిన సుడి అలాగే ఉంది. వేలు పెట్టిన గుర్తే లేదు.

"ఎందుకమ్మా?" అంది గుర్లీన్.

ఖిమూలీ దేవి గొంతు తగ్గించింది. "అందులో అత్తరుంది."

గుర్లీన్ పకపకా నవ్వింది. "అంతేనా! ఉంటే ఉండనీయండి. నాకు అత్తరంటే ప్రాణం."

ఖిమూలీ దేవి నోటిమీద చెయ్యేసుకుంది. "అయ్యో, చక్కగా చదువుకున్నదానివి! మీ ఇంట్లో ఎరుగుదురా?"

"మా అమ్మమ్మే అలవాటు చేసింది. రోజూ స్నానం కాగానే చెవి వెనక ఒక చుక్క."

"చెవి వెనకా?"

"పెళ్ళిళ్ళప్పుడైతే వచ్చినవాళ్ళందరికీ రాసేది."

"అందరికీ!" ఖిమూలీ దేవి కూలబడింది. హంసీ కొంగు నోట్లో కుక్కుకుని గోడవైపు తిరిగింది. ఆమె భుజాలు కదులుతున్నాయి. కుందన్ మొహంలో మాత్రం నెత్తురుచుక్క లేదు.

"ఇందులో నవ్వేదేముంది? ఎవరైనా చెప్తారా?" వినీత గొంతు చించుకుంది. "గులాబీ అత్తరు ఇజా! మా నాన్న కనౌజ్‌లో బట్టీ పెట్టి తీసే అత్తరు. వాసన బావుంటుందని తెల్లదాంట్లో ఒక చుక్క వేశానని మీకు చెప్పే ఇచ్చాను కదా!"

"చెప్పావు. అందుకే రాసుకోలేదు."

"వదినా, నువ్వు చెప్పు," అన్నాడు కుందన్, తల దించుకుని.

హంసీ కళ్ళు తుడుచుకుంది. "ఇక్కడ అత్తరంటే గులాబీలది కాదు చెల్లీ. పచ్చి భంగ్ అరచేతుల మధ్య నలిపితే నల్లగా జిగురు అంటుకుంటుంది చూడు, అది. కింద మైదానంలో మీరు చరస్ అంటారే, ఆ మత్తుమందు, దాన్నే మేం అత్తరంటాం. ఈ ఇంట్లో ఆ మాట ఇరవై రెండేళ్ళుగా ఎవరూ ఎత్తరు. నువ్వెత్తావు."

గుర్లీన్ నవ్వు ఆగిపోయింది. బల్లమీది డబ్బాని చటుక్కున వెనక్కి జరిపింది.

"మేడమ్, మాది లైసెన్సు పంట," అన్నాడు కుందన్ తొందరగా. "ప్రయోగశాల కాగితాలన్నీ ఉన్నాయి."

"నాకు తెలుసు. ఆవిణ్ణి చెప్పనివ్వండి."

ఖిమూలీ దేవి తన అరచేతులు చూసుకుంది. "గింజ తింటాం. నారతో తాడు పేనుకుంటాం. దాంతో పాపం లేదు. ఆ ఏడు ఎద్దు చచ్చిపోయింది, వరి పోయింది. చేను గట్టున మొక్కలున్నాయి. నేనే నలిపాను. ఈ చేతులతోనే నలిపి, గీకి, ఉండ చేసి ఇచ్చాను. మా ఆయన మూటకట్టుకుని, అమ్మడానికి రామ్‌నగర్ దారి పట్టాడు. దారిలోనే పట్టుకున్నారు. ఆరేళ్ళు లోపలున్నాడు. వచ్చాక ఆరు నెలలున్నాడు. నలిపింది నేను, పోయింది ఆయన. మళ్ళీ ముట్టనని గోలూ దేవుడి ముందు దీపం పెట్టి, ఈ కుడి చేత్తో ఒట్టు వేశాను."

వినీత మొగుడి వైపు తిరిగింది. "మామగారు క్షయతో పోయారన్నావు."

"క్షయతోనే పోయాడు."

"జైలు మాట చెప్పలేదే?"

"ఏమని చెప్పను?"

"నాలుగేళ్ళు కాపురం చేశాను! ఒక్కసారి చెప్పుంటే ఆ మాట నా నోట వచ్చేదా?" వినీత మళ్ళీ అత్తగారి మీదకి తిరిగింది. "పోనీ మీరైనా ఒక్కమాట అడగొచ్చుగా ఇజా! ఇదేంటి బ్వారీ, ఇందులో అత్తరెందుకు వేశావని!"

"ఏమని అడగను? మీ నాన్న వ్యాపారమే అత్తరని పెళ్ళిలో మీ పిన్ని చెప్పింది. మూడు తరాలుగా అదే పనట. గొప్పగా చెప్పుకుంది కూడాను." ఖిమూలీ దేవి కొంగు సర్దుకుంది. "పిల్ల మంచిది, పుట్టిల్లు అలాంటిదైతే అదేం చేస్తుందిలే అనుకున్నాను. ఊళ్ళో తెలిస్తే నీకు చిన్నతనమని నాలుగేళ్ళుగా నోరు కుట్టుకుని కూచున్నాను."

వినీతకి నవ్వాలో ఏడవాలో తెలియలేదు. బట్టీలోకి కూడా చెప్పులు విప్పి అడుగుపెట్టే తన తండ్రిని, గులాబీరేకులు కింద పడితే ఏరి కళ్ళకద్దుకునే మనిషిని, ఈ ఇంట్లో నాలుగేళ్ళుగా చరస్ వ్యాపారి అనుకుంటున్నారు. పైగా క్షమించేశారు కూడా.

"మిగతా నలుగురు?" అంది, ఇక తెలియనిదేముందిలే అన్నట్టు.

"వాళ్ళ డబ్బాలు నా పెట్టెలో ఉన్నాయి," అంది హంసీ. ఇప్పుడు నవ్వడం లేదు. "తెల్లది రాస్తే బొబ్బలెక్కుతాయని చెప్పి నేనే తెచ్చేశాను. అసలు సంగతి చెప్తే నీ పరువు పోతుందని ఇజా వద్దంది. నువ్వడిగితే బావుందనమన్నాను. అన్నారు."

రోజూ పొద్దున్నే కొండెక్కి దిగి, ఐదు గడపలు తొక్కి, ముప్ఫై రోజులు రాసుకున్న రాతంతా ఇదన్నమాట. వినీత లేచి వెళ్ళి బియ్యం డబ్బాలోంచి నోటుబుక్కు తెచ్చింది. గుర్లీన్ ముందే తెరిచింది.

"వినీతా," అన్నాడు కుందన్. "ఆగు. రెండు నిమిషాలు బయటికి రా, మాట్లాడదాం."

"పొద్దున రాయమన్నారుగా. రాస్తున్నాను."

ఐదు పేర్లు. ఐదు పేర్ల ఎదుటా 'కుడి చెయ్యి, తెల్లమూత' అని గడి. ఒక్కొక్క గడిలో ఉన్నది కొట్టేసి, పైన రాసింది: ఏమీ రాయలేదు. ఏమీ రాయలేదు. ఏమీ రాయలేదు. కలం నొక్కినప్పుడల్లా చూపుడువేలి మొదట్లో చురుక్కుమంది. ఐదో గడికి వచ్చేసరికి కాగితం మీద ఎర్రటి చుక్క పడింది. కొంగుతో తుడిచింది, అది ఇంకా పులుముకుంది.

కుందన్ చేల వైపు నడిచి, గట్టు మీద చతికిలబడ్డాడు.

గుర్లీన్ నోటుబుక్కు తనవైపు తిప్పుకుంది. చాలాసేపు చదివింది. ఫోటోలూ చూసింది, ఖిమూలీ దేవి కుడి చెయ్యి మళ్ళీ పట్టుకుని వెలుతురులోకి తిప్పి చూసింది.

"అబద్ధం రాయనందుకు సంతోషం. కానీ ఒకటి చెప్పండి. ఏమీ రాయని చెయ్యి ఎలా నయమైంది?"

వినీత వాతావరణం అందామనుకుంది. వానలు తగ్గాయి అందామనుకుంది.

జవాబు ఖిమూలీ దేవి చెప్పింది. నోటితో చెప్పలేదు. పక్కకి వంగి, కోడలి శాలువా కింద చెయ్యి పెట్టి, దాచుకున్న చేతులు రెండూ బయటికి లాగి, నెల కిందటి ఫోటో పక్కన బల్లమీద పెట్టింది.

మెటికల మీద చర్మం లేచిపోయింది. అరచేతుల్లో చీలికలు. వేళ్ళ సందుల్లో బూడిద ఇంకా ఉంది. ఫోటోలో ఉన్నవీ, బల్లమీద ఉన్నవీ పక్కపక్కన పెడితే ఏవి ఎవరివో చెప్పడం కష్టం.

"నా అంట్లు ఇది తోమింది," అంది ఖిమూలీ దేవి. "నా పేడ ఇది ఎత్తింది. నాకు పదిహేనో రోజునే తెలుసు. చెప్తే పరీక్ష పాడవుతుందని కేకలేస్తుందని భయపడ్డాను."

"మిగతా నలుగురిళ్ళల్లో?" అంది గుర్లీన్.

"వాళ్ళ కోడళ్ళు," అంది హంసీ. "బిష్ట్ వాళ్ళమ్మాయివి ఇంతకంటే ఘోరం."

గుర్లీన్ చాపమీద ఉన్న సంగతి మరిచి వెనక్కి వాలబోయి, సర్దుకుని కూర్చుంది. "అయితే ఎడమ చేతిది కూడా ఆకుపచ్చమూత గొప్ప అనలేను. ఐదుగురు అత్తలకి తగ్గింది, ఐదుగురు కోడళ్ళకి వచ్చింది. దీన్ని నేను ఢిల్లీలో ఏ డబ్బాలో పెట్టి అమ్మాలి?"

కుందన్ గట్టుమీంచి లేచి వచ్చాడు. "మేడమ్, పంట కోతకొచ్చింది. ఆగితే మొక్కలో మత్తు హద్దు దాటుతుంది. దాటితే లైసెన్సు అధికారులొచ్చి తగలబెట్టేస్తారు."

"కోసుకోండి. ఆరబెట్టి గదిలో పెట్టుకోండి. కొంటాననీ అనను, కొననూ అనను. ఇంకో ముప్ఫై రోజులు." ఆమె వినీత చేతుల వంక చూసింది. "ఈసారి ఐదుగురు కోడళ్ళ పది చేతులమీద. ఎడమకి ఆకుపచ్చ, కుడికి తెల్లది, అత్తరు లేకుండా. నియమం అదే, బూడిదా పేడా ముట్టకూడదు. ఈసారి తేడా ఉంటే తెలుస్తుంది. ఒప్పుకుంటారా?"

"ఒప్పుకుంటాం," అన్నాడు కుందన్, ఆమె మాట పూర్తి కాకముందే. పొద్దున్నించి అతని గొంతులో మొదటిసారి ప్రాణం వచ్చింది. "ఎందుకొప్పుకోం మేడమ్? రేపే మొదలుపెడతాం."

"మంచిది." గుర్లీన్ సంచిలోంచి కొత్త కాగితం తీసి, తారీఖు వేసి, కలం ఎత్తి పట్టుకుంది. "మరి అంట్లెవరు తోముతారు?"

హంసీ కొడవలి తీసుకుని అంచు చూసుకోవడం మొదలుపెట్టింది. ఖిమూలీ దేవి నయమైన చేతులు రెండూ ముడుచుకుని, తలెత్తి, కొడుకు చేతుల వంక చూసింది. వినీత కూడా అటే చూసింది. నున్నటి చేతులు. గీత తప్ప గాటు లేదు.

కుందన్ ఆ చేతులు మెల్లిగా ప్యాంటు జేబుల్లో పెట్టుకున్నాడు. వాకిట్లో రాతిపలక మీద, మధ్యాహ్నం తిన్న ఎంగిలి గిన్నెలు ఎండుతున్నాయి.

"ఇక్కడ పేరు రాయాలి," అంది గుర్లీన్, కలం ఇంకా ఎత్తే ఉంచి. "ఎవరి పేరు రాయను?"